తుప్పును ఆపే తుప్పు: ఒక పాత గాలి తుపాకి నీలిరంగు చరిత్ర



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు రాజుల చరిత్ర, యుద్ధాల చరిత్ర రాయడానికి నేను పండితుణ్ణి కానని మనవి చేసుకున్నాను. "34 ఏళ్ళు టూల్ రూములో ఇనుముతో కాపురం చేశారు కదా, ఆ ఇనుము చరిత్రే రాయండి" అన్నారాయన. ఈ మధ్య మా అక్కయ్యగారి ఇంట్లో ఒక పాత ఎయిర్ రైఫిల్‌కు పట్టిన తుప్పు వదిలించే పని నా మీద పడింది. ఆ పని చేస్తూ తెలుసుకున్నవీ, ఉద్యోగంలో నేర్చుకున్నవీ కలిపి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మన వర్క్ షాపులో పనిచేసిన వారికి బ్లాకొడైజింగ్ ట్యాంకు గుర్తుండే ఉంటుంది. తెల్లగా మెరిసే బోల్టులు, గేజీలు బుట్టలో పెట్టి అందులో ముంచితే కొద్దిసేపటికి నల్లగా నిగనిగలాడుతూ బయటికి వచ్చేవి. చాలామంది అది నల్లరంగు పూత అనుకునేవారు. కాదు. అది ఇనుము మీద ఇనుమే కట్టుకున్న పొర. ఇంకా సూటిగా చెప్పాలంటే అది కూడా ఒక జాతి తుప్పే. తుపాకీ గొట్టాల మీద కనిపించే నీలి నలుపు రంగు కథ కూడా ఇదే.

గాలి తుపాకి ఎలా పుట్టింది?

గాలి తుపాకి అంటే జాతరలో బుడగలు పేల్చే ఆటవస్తువు అని మనలో చాలామంది అభిప్రాయం. దాని వంశం చాలా పెద్దది. 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం బార్తొలోమియో జిరార్డోనీ తయారుచేసిన గాలి రైఫిల్‌ను తీసుకుంది. దానికి మందు అక్కరలేదు, పొగ రాదు. వెనుక మడమ భాగమే గాలి నింపే సీసా. పంపుతో వెయ్యికి పైచిలుకు సార్లు కొట్టి గాలి నింపుకుంటే ఒకదాని తరువాత ఒకటిగా 20 గుళ్ళు పేల్చవచ్చు. అయితే గాలి సీసాలు సున్నితమైనవి, మరమ్మతు కష్టం. అందువల్ల కొన్ని దశాబ్దాలకే సైన్యం దానిని విడిచిపెట్టింది. అమెరికాలో 1804 నుంచి 1806 వరకు పడమటి తీరందాకా ప్రయాణించిన లూయిస్, క్లార్క్‌ల బృందం వెంట కూడా ఒక గాలి రైఫిల్ ఉంది. దారిలో ఎదురైన జాతుల వారికి దానిని పేల్చి చూపించి ఆశ్చర్యపరిచేవారు.

తరువాత వంద సంవత్సరాలకు గాలి తుపాకి సామాన్యుల ఇళ్ళకు వచ్చింది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో గాలిమరలు తయారుచేసే ఒక కంపెనీ 1888లో డెయిజీ అనే చిన్న లోహపు గాలి తుపాకిని తీసుకొచ్చింది. గాలిమర కొన్న రైతుకు దానిని కానుకగా ఇచ్చేవారు. కొద్ది సంవత్సరాలలో గాలిమరల కంటే తుపాకులకే గిరాకీ పెరిగి, 1895లో కంపెనీ పేరునే డెయిజీగా మార్చుకున్నారు. జర్మనీలోని రాస్టాట్ పట్టణంలో 1890లో మేయర్, గ్రామెల్‌స్పాకర్ అనే ఇద్దరు పెట్టిన కర్మాగారం నుంచి డయానా తుపాకులు వచ్చాయి. డయానా రోమనుల వేట దేవత. ఆ కంపెనీ గుర్తులో ఆ దేవత విల్లు బాణాలు పారేసి గాలి తుపాకి పైకెత్తి పట్టుకుని ఉంటుంది.

ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నగరం తుపాకుల పనివారికి పుట్టిల్లు. అక్కడి తుపాకి తయారీదారులు కొందరు కలిసి 1861లో బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ కంపెనీ స్థాపించారు. మనం బి.ఎస్.ఎ. అని పిలుచుకున్న కంపెనీ అదే. సైకిలు మీద, మోటారు సైకిలు మీద ఆ మూడక్షరాలు చూసి పెరిగిన తరం మనది. మూడు రైఫిళ్ళను ఒకదానికొకటి ఆనించి నిలబెట్టినట్టుండే ఆ గుర్తు చూసి, సైకిలుకు తుపాకులతో ఏమి సంబంధమని చిన్నప్పుడు నేను మా మాస్టారిని అడిగాను కూడా. సంబంధం ఏమిటంటే, ప్రభుత్వం నుంచి తుపాకుల ఆర్డర్లు తగ్గినప్పుడల్లా ఆ కర్మాగారం వేరే వస్తువు చేసి పనివారిని నిలుపుకునేది. 1880లలో సైకిళ్ళు, 1910లో మోటారు సైకిలు అలా వచ్చినవే. ఈ రెండింటికీ నడుమ, 1905లో, గాలి రైఫిల్ వచ్చింది.

దాని రూపకర్త లింకన్ జెఫ్రీస్ అనే బర్మింగ్‌హామ్ తుపాకి పనివాడు. 1904లో ఆయన తన పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. గొట్టం కదలదు. గొట్టం కింద ఉన్న లీవరును కిందికి లాగితే లోపలి స్ప్రింగు నొక్కుకుని పిస్టను వెనక్కి వెళ్ళి కొక్కేనికి తగులుకుంటుంది. ట్రిగ్గరు నొక్కగానే స్ప్రింగు పిస్టనును ముందుకు నెడుతుంది. దాని ముందున్న గాలి ఒక్కసారిగా ఒత్తిడికి లోనై సీసపు గుండును బయటికి తోస్తుంది. అంతకు ముందు తుపాకులలో గొట్టాన్నే మడిచి బిగించేవారు. గొట్టం కదలకపోతే గురి కూడా చెదరదు. జెఫ్రీస్ పద్ధతిలోని గొప్ప అదే.

బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల పనివారు సాయంత్రాలు సారాయి దుకాణాలలో చేరి ఈ రైఫిళ్ళతో 'గంట పందెం' ఆడేవారు. ఇనుప పలక నడుమ చిన్న రంధ్రం, దాని వెనుక గంట. 6 గజాల దూరం నుంచి రంధ్రంలోకి కొడితే గంట మోగుతుంది. మన జాతరలో బుడగ పేలినప్పుడు వచ్చే ఆనందమే, శబ్దమొక్కటే వేరు.

నీలిరంగు అంటే ఏమిటి?

ఇక అసలు విషయానికి వస్తాను. ఇనుము గాలిలోని ప్రాణవాయువుతో, తేమతో కలిసి తుప్పు పడుతుంది. ఆ ఎర్ర తుప్పు పొరలు పొరలుగా, గుల్లగా ఉంటుంది. కిందికి తేమను దిగనిస్తుంది. అందుకే తుప్పు ఒకసారి మొదలైతే లోపలికి తింటూ పోతుంది. కానీ ఇనుముకు, ప్రాణవాయువుకు మధ్య మరో రకం పొత్తు కూడా ఉంది. దాని పేరు మాగ్నటైట్. సూదంటురాయి కూడా ఇదే పదార్థం. ఇది నల్లగా ఉంటుంది, ఇనుమును గట్టిగా పట్టుకుని ఉంటుంది, నూనెను తనలో నిలుపుకుంటుంది. ఎర్ర తుప్పును ఈ నల్ల పొరగా మార్చగలిగితే శత్రువునే కాపలాదారుగా పెట్టుకున్నట్టు. తుపాకి పనివారు చేసిన పని ఇదే.

మొదట్లో సైన్యపు తుపాకి గొట్టాలను తెల్లగా మెరిసేటట్టు ఉంచేవారు. మన అమ్మమ్మలు ఇత్తడి సామాను తోమినట్టు సిపాయిలు వాటిని ఇటుక పొడితో తోముకునేవారు. మెరుపు అందమే, కానీ శత్రువుకు దూరం నుంచే కనబడుతుంది. వేటలో జంతువు కూడా బెదిరిపోతుంది. పైగా రోజూ తోమితే గొట్టమే అరిగిపోతుంది. అందువల్ల 18వ శతాబ్దంలో వేట తుపాకులకు, తరువాత సైన్యపు తుపాకులకు గోధుమ రంగు తుప్పు పట్టించి, దానిని రుద్ది, నూనె పెట్టే పద్ధతి వచ్చింది.

దాని మీద ఇంకొక మెట్టే నీలిరంగు. శుభ్రం చేసిన గొట్టానికి బలహీనమైన ఆమ్ల ద్రావకం పలుచగా పూసి, తేమగల పెట్టెలో ఉంచుతారు. సన్నని ఎర్ర తుప్పు వస్తుంది. ఆ గొట్టాన్ని మరిగే నీటిలో ఉడికిస్తే ఎర్ర తుప్పు నల్లబడుతుంది. పైన మిగిలిన మసిని మెత్తటి తీగ కుంచెతో తుడుస్తారు. మళ్ళీ ద్రావకం, మళ్ళీ పెట్టె, మళ్ళీ ఉడకబెట్టడం. ఇలా పదే పదే చేస్తే, రోజుల తరబడి శ్రమకు ఫలితంగా, లోతైన నీలి నలుపు వస్తుంది.

రెండవ పద్ధతి వేడి. మన టూల్ రూములో ఉలికి టెంపరు పెట్టేటప్పుడు రంగులు చూసేవాళ్ళం. సుమారు 220 డిగ్రీల దగ్గర ఎండుగడ్డి రంగు, తరువాత గోధుమ, వంగపండు రంగు, 300 డిగ్రీల ప్రాంతంలో ముదురు నీలం. పాత గోడ గడియారాల స్ప్రింగులలో, కొన్ని చేతి గడియారాల ముళ్ళలో మీరు చూసే నీలం ఇదే. అందులో నీలిరంగు పదార్థమేదీ లేదు. పొర పలుచదనాన్ని బట్టి మన కంటికి అలా కనబడుతుంది. నీటి మీద తేలే కిరసనాయిలు రంగులీనినట్టే.

మూడవది 20వ శతాబ్దపు పద్ధతి, మన ట్యాంకు పద్ధతి. కాస్టిక్ సోడా, సోడియం నైట్రేటు కలిపిన ద్రావకాన్ని 135 నుంచి 150 డిగ్రీల వరకు కాచి, అందులో వస్తువును ముంచడం. రోజుల పని అరగంటకు దిగింది. కర్మాగారాలకు ఇది వరమే. అయితే ఆ ద్రావకం అల్యూమినియాన్ని తినేస్తుంది, టంకం పెట్టిన అతుకులను కరిగిస్తుంది, మనిషి ఒంటి మీద పడితే చెప్పనక్కరలేదు. రబ్బరు చేతి తొడుగులు, కళ్ళజోడు లేకుండా ట్యాంకు దగ్గరికి రావద్దని మన ఫోర్‌మన్‌గారు కేకలేసేది ఊరికే కాదు.

లోహానికి మేలు చేసే నలుపును కనుగొన్నది తుపాకి పనివారొక్కరే కాదు. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో భాగంగా ఉన్న బీదరులో, బిద్రీ పనివారు తుత్తునాగం, రాగి కలిపిన పాత్రలకు నవాసారంతో పాటు పాత కోట మట్టి కలిపి పట్టించి నల్లబరుస్తారు. తుత్తునాగం నల్లబడుతుంది, పొదిగిన వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. రసాయనం వేరైనా ఉపాయం ఒకటే.

ఢిల్లీ స్తంభం చెప్పే పాఠం

తుప్పు గురించి మాట్లాడుతూ ఢిల్లీ కుతుబ్ మీనారు దగ్గరి ఇనుప స్తంభాన్ని తలచుకోకపోతే లోటే. ఎల్.టి.సి. మీద ఉత్తరదేశ యాత్ర చేసిన మన వాళ్ళందరూ దానిని చూసే ఉంటారు. 7 మీటర్లకు పైగా ఎత్తు, 6 టన్నులకు పైగా బరువు, గుప్తుల కాలం నాటిది, దాదాపు 1600 ఏళ్ళ వయసు. ఎండకు వానకు నిలబడి కూడా నశించలేదు. కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యులు ఆర్. బాలసుబ్రహ్మణ్యంగారు, ఆయన సహచరులు దీని మర్మాన్ని పరిశోధించి 2000వ సంవత్సరంలో వివరించారు. మన పూర్వులు బొగ్గుతో కరిగించిన ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ. ఆ భాస్వరం ఇనుముతో, తేమతో కలిసి పలుచని ఫాస్ఫేటు పొరగా కట్టుకుంది. అది కూడా తుప్పులోంచి పుట్టిన కవచమే. 1906లో ఇంగ్లండులో కాస్లెట్ అనే ఆయన ఫాస్ఫేటు పూతకు పేటెంటు తీసుకున్నాడు. తరువాత అది సైన్యపు తుపాకులకు, మోటారు విడిభాగాలకు వాడుకలోకి వచ్చింది. అంటే బర్మింగ్‌హామ్ పుట్టకముందే మన కమ్మరి చేతిలో, అతనికి తెలియకుండానే, ఆ పొర తయారైంది.

ఇంకొక మాట. ఆ స్తంభాన్ని వెనక్కి తిరిగి రెండు చేతులా కౌగిలించుకుంటే అదృష్టమని యాత్రికులు ఏళ్ళ తరబడి అలాగే చేశారు. చేతుల రాపిడికి, చెమటకు కింది భాగంలో ఆ పొర అరిగి ఇనుము మెరవసాగింది. అందుకే 1997లో చుట్టూ కంచె వేశారు. పదహారు వందల ఏళ్ళ ఎండ వాన చేయలేని పని మనుషుల అరచేతులు చేశాయి. ఈ సంగతిని దయచేసి గుర్తుంచుకోండి, కింద అవసరమవుతుంది.

అక్కయ్యగారింటి రైఫిల్

మా బావగారి తండ్రిగారికి నూజివీడు దగ్గర మామిడి తోట ఉండేది. తోటలో కోతులను, చిలకలను బెదరగొట్టడానికి ఆ రోజుల్లో ఒక పాత బి.ఎస్.ఎ. గాలి రైఫిల్ సంపాదించారు. అప్పటికే అది ఎవరో వాడి అమ్మినది. సిలిండరు మీద మూడు రైఫిళ్ళ గుర్తు, జెఫ్రీస్ పేటెంటు అన్న అక్షరాలు ఉన్నాయి. తరువాత అది మా బావగారి చేతికి వచ్చింది. తోట అమ్మిన తరువాత అటక మీదికి చేరింది. బావగారు కాలం చేసిన మూడేళ్ళకు మా మేనల్లుడు కొత్త ఇల్లు కట్టుకుంటూ, హాలులో గోడకు పెట్టుకుందామని దానిని కిందికి దించాడు.

దించితే ఏమున్నది? గుడ్డ సంచిలో చుట్టి ఉంచడం వల్ల ఆ గుడ్డ తేమ పీల్చి, సిలిండరు అడుగున, లీవరు మొదట్లో ఎర్ర తుప్పు పాకింది. మిగతా చోట్ల పాత నీలం అక్కడక్కడా వెలిసి గోధుమ రంగుకు తిరిగింది. లీవరు చివరి జానెడు మాత్రం వెండిలాగా తెల్లగా ఉంది.

"మామయ్యా, విజయవాడలో ప్లేటింగు షాపు వాళ్ళను అడిగాను. బఫింగ్ కొట్టి నికెల్ వేస్తే కొత్త దానిలా ధగధగలాడుతుందట" అన్నాడు వాడు.

"బఫింగ్ కొడితే ముందు పోయేవి ఈ అక్షరాలురా. గుర్తు పోయాక ఇది బర్మింగ్‌హామ్‌దో, ఇంకో ఊరిదో ఎవరు చెప్పగలరు?" అన్నాను.

"పోనీ ఇంటర్నెట్‌లో నల్లబరిచే మందు సీసాలు దొరుకుతున్నాయి. దూదితో రాస్తే చాలుట."

అది కూడా వద్దన్నాను. చల్లగా రాసే ఆ మందులలో చాలావాటిలో సెలీనియం, రాగి లవణాలు ఉంటాయి. అది ఇనుము తానై కట్టుకున్న పొర కాదు, పైన పేరుకున్న పలుచని మసక. చిన్న గీతలు కప్పడానికి పనికి వస్తుంది కానీ చేతి రాపిడికి నిలవదు, పాత నీలంతో కలవదు. విషపదార్థం కూడా.

మా మాటలు వింటూ వంటింటి గుమ్మంలో నిలబడ్డ అక్కయ్య అప్పుడు నోరు విప్పింది. "తమ్ముడూ, తుప్పు వదిలిస్తే వదిలించు. ఆ లీవరు చివర తెల్లగా ఉన్నదే, దానిని మాత్రం ఏమీ చెయ్యకు. అది మీ బావగారు పట్టుకునే చోటు. అంతకు ముందు మామగారు పట్టుకున్న చోటు."

మా మేనల్లుడు మరి మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. గట్టి నీలిరంగు అరిగి కింది ఉక్కు బయటపడిందంటే ఎన్ని వేలసార్లు ఆ చెయ్యి ఆ లీవరును లాగి ఉండాలి! ఇన్నేళ్ళ ఉద్యోగంలో అరుగుదల అంటే లోపమని, కొలత తగ్గితే వస్తువు పక్కన పారేయాలని నేర్చుకున్నవాణ్ణి. అదే అరుగుదల ఒక ఇంటికి ఫోటో కంటే ఎక్కువ కావచ్చని అక్కయ్య మాటతో అర్థమైంది. ఢిల్లీ స్తంభానికి చేతులు చేసింది చెరుపు. అక్కడ లక్షలమంది ముక్కూ మొహం తెలియని యాత్రికులు. ఇక్కడ ఇద్దరే మనుషులు, ఇద్దరూ మన వాళ్ళు. ఆ గుర్తును చెరపకుండా, తుప్పు మాత్రం ఆపాలి. ఇదీ మేము పెట్టుకున్న లెక్క.

ఏమి చేశామంటే

స్ప్రింగు తుపాకిని విప్పడంలో పెద్ద ప్రమాదం ఉంది. లీవరు లాగకపోయినా లోపల స్ప్రింగు కొంత నొక్కుకునే ఉంటుంది. తగిన బిగింపు సాధనం లేకుండా వెనుక భాగం విప్పితే అది ఎగిరి మొహానికి తగులుతుంది. కనుక సిలిండరు జోలికి పోలేదు. గొట్టంలో గుండు లేదని ముందు చూసుకుని, కర్ర భాగాన్ని, లీవరును మాత్రమే విడదీశాము.

లీవరును కిరసనాయిలుతో కడిగి, చాకలి సోడా నీళ్ళతో జిడ్డు పూర్తిగా తీశాము. వంటకు వాడని ఒక స్టీలు గిన్నెలో, ఇన్వర్టరు బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటరు పోసి అరగంట మరగనిచ్చాము. పైన చెప్పిన పాత సూత్రమే ఇక్కడా. ఇటుక రంగులో ఉన్న తుప్పు నల్లగా మారింది. వేడి మీదనే తీసి ఆరనిచ్చి, అన్నిటికంటే మెత్తని స్టీల్ ఊల్‌తో తేలికగా తుడిస్తే పైమసి పోయి, కింద పాత నీలంలో కలిసిపోయే నలుపు మిగిలింది. మూడుసార్లు చేశాము. మూడవసారికి ఎరుపు పూర్తిగా పోయింది. కొత్త రంగేమీ వేయలేదు, ఉన్న తుప్పునే మార్చాము. తెల్లని జానెడు భాగం తెల్లగానే ఉంది.

సిలిండరును ఉడకబెట్టడానికి వీలు లేదు. లోపల పిస్టనుకు తోలు వాషరు ఉంటుంది, నీరు తగిలితే పాడవుతుంది. అందుకని మెషీన్ ఆయిల్ రాసి ఒక రాత్రి నాననిచ్చాము. గడ్డకట్టిన తుప్పు గింజలను లేపడానికి ఉక్కు కంటే మెత్తనిది, తుప్పు కంటే గట్టిది కావాలి. అక్కయ్య పోపులపెట్టె అడుగు నుంచి ఒక చిల్లు కానీ తీసి ఇచ్చింది. 1943 నుంచి 1947 వరకు వేసిన కంచు కానీ అది. దాని అంచుతో నూనె మీద నెమ్మదిగా నెడితే గింజలు లేచి వచ్చాయి, ఉక్కు మీద గీత పడలేదు. ఉప్పుకాగితం, ఎమరీ కాగితం దగ్గరికి రానివ్వలేదు. అక్షరాల దగ్గర నూనె గుడ్డ తప్ప మరేమీ వాడలేదు. తుప్పు తిన్న చోట చిన్న గుంటలు మిగిలాయి. మిగలనిచ్చాము. చివరికి అంతటా పలుచగా మెషీన్ ఆయిల్ తుడిచాము.

రెండు ఆదివారాలు పట్టింది. ఖర్చు నూరు రూపాయలు దాటలేదు.

ఇంట్లో పాత ఇనుప వస్తువులున్న వారికి

మన ఇళ్ళలో తుపాకులు లేకపోయినా పాత అడకత్తెరలు, తాళాలు, కుట్టుమిషన్లు, తండ్రిగారి పనిముట్లు ఉంటాయి. వాటికి ఈ నాలుగు జాగ్రత్తలు పనికి వస్తాయి.

మొదటిది, కొత్తదానిలా చేయాలన్న ఆరాటంతో రుద్దకూడదు. ఒకసారి అరగదీసిన ముద్ర మళ్ళీ రాదు. రెండవది, వంటనూనె రాయకూడదు. కొంతకాలానికి అది జిగటగా మారి దుమ్మును పట్టుకుంటుంది. మెషీన్ ఆయిల్ పలుచగా చాలు. మూడవది, గుడ్డ సంచిలోను, తోలు తొడుగులోను ఏళ్ళ తరబడి చుట్టి ఉంచకూడదు. అవి తేమను పీల్చి ఇనుముకు అప్పగిస్తాయి. నాలుగవది, ముట్టుకున్నప్పుడల్లా పొడిగుడ్డతో తుడవాలి. చెమటలోని ఉప్పు మంచి నీలిరంగును కూడా తింటుంది.

గాలి తుపాకి విషయంలో మరో రెండు మాటలు. 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం 20 జౌళ్ళ శక్తి దాటినవాటికి, లేదా 4.5 మిల్లీమీటర్ల కంటే పెద్ద రంధ్రం ఉన్నవాటికి లైసెన్సు కావాలి. అటక మీద తాతగారి తుపాకి ఉన్నవారు ముందుగా పోలీసు స్టేషనులో విచారించుకోవడం మంచిది. మేమూ అలాగే చేశాము. పిట్టలను కొట్టే రోజులు పోయాయి, పోవలసిందే. వన్యప్రాణి రక్షణ చట్టం 1972లోనే వచ్చింది. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021లో మొదలైన కార్యక్రమంలో గ్రామస్థులు తమంతట తామే గాలి తుపాకులను ప్రభుత్వానికి అప్పగించారు. అడవి పిట్టల కోసం వారు చేసిన త్యాగం చిన్నది కాదు.

గాలి రైఫిల్‌కు మర్యాదైన చోటు ఇప్పుడు క్రీడారంగం. 1984 లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ ప్రవేశించింది. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా మన దేశానికి తొలి వ్యక్తిగత స్వర్ణం తెచ్చింది ఆ పోటీలోనే. 2012లో లండన్‌లో మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ అదే పోటీలో కాంస్యం గెలిచాడు.

బర్మింగ్‌హామ్ కర్మాగారం సంగతి కూడా చెప్పి ముగిస్తాను. 1940 నవంబరులో జర్మన్ విమానాల బాంబుదాడిలో ఆ కర్మాగారం కూలి 53 మంది పనివారు మరణించారు. మళ్ళీ నిలబడింది. 1973లో మోటారు సైకిళ్ళ వ్యాపారం చితికి వేరే కంపెనీలో కలిసిపోయింది. గాలి తుపాకుల విభాగాన్ని 1986లో స్పెయిన్ దేశపు గామో కంపెనీ కొన్నది. మోటారు సైకిలు పేరును 2016లో మన మహీంద్రా వారి అనుబంధ సంస్థ కొనుక్కుంది. యజమానులు మారారు, దేశాలు మారాయి. ఆ పనివారు ఉక్కు మీద ఉడికించి ఎక్కించిన నీలం మాత్రం నూరేళ్ళు దాటినా ఒక తెలుగువారింట నిలిచి ఉంది.

వస్తువును బాగుచేయడమంటే దాని వయసును దాచడం కాదు, ఇకమీద చెడకుండా చూడడం. పదవీ విరమణ చేసిన మనబోటి వారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. మీ ఇళ్ళలో ఇలాంటి పాత వస్తువులుంటే వాటిని పట్టుకున్న చేతులెవరివో మనుమలకు చెప్పండి. వీలైతే వచ్చే సంచికకు రాయండి. తుప్పు విషయంలో సందేహాలుంటే నెలవారీ సమావేశంలో నన్ను అడగండి, తెలిసినంతవరకు చెబుతాను.